నాలుగో పేరాకు ఆధారాలు

3, సోమవారం

టీ కూడా తాగనివ్వకుండా సూపరింటెండెంట్ గారు పిలిపించారు. శనివారం స్త్రీల వార్డులో ఆరో నంబరు మంచం మీదున్నావిడ చావు అంచుదాకా వెళ్ళిందట. దీవుల నుంచి వచ్చినావిడ. పొద్దున కడుపు ఆపరేషన్ అయింది, మధ్యాహ్నానికి లోపల రక్తస్రావం మొదలైంది. డ్యూటీలో ఉన్న చిన్న నర్సు మూడింటికి మంచం దాకా వెళ్ళి, ముట్టుకోకుండా, పలకరించకుండా వెనక్కి వచ్చేసింది. నాలుగున్నరకి డాక్టరు వచ్చి చూసేసరికి నాడి అందడం లేదు. మళ్ళీ థియేటరుకి పరుగులు. ఇప్పటికీ స్పృహ లేదు.

ఎందుకు చూడలేదని అడిగితే ఆ పిల్ల నర్సుల కోసం నేను రాసిన హ్యాండ్‌బుక్ తెరిచి నాలుగో పేరా చూపించిందట. "ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది, అందుకే కదిలించలేదు" అందట.

ఆ మాట వినగానే ఒక్క క్షణం కాళ్ళు చల్లబడ్డాయి. పరగడుపున ఉన్నాను కదా, అందుకే అయి ఉంటుంది.

నాలుగో పేరా ఇదీ. నేనే రాశాను, ఇందులో దాచుకోవాల్సిందేం లేదు:

"దీవుల స్త్రీలు తీవ్రమైన బాధలో గోడవైపు తిరిగి మౌనం పాటిస్తారు. ఇది వారి ఆచారం. ఆ సమయంలో పలకరించడాన్ని, తాకడాన్ని అవమానంగా భావిస్తారు. వారంతట వారు ఇటు తిరిగేవరకు వేచి ఉండాలి."

ఇందులో నాడి చూడొద్దని ఎక్కడైనా రాశానా? ఒళ్ళు మండిపోతోంది. బుర్రలేని పిల్ల. మూడేళ్ళు నర్సింగ్ చదివింది, ఆ మాత్రం తెలియదా? తన చేతకానితనాన్ని తెచ్చి నా నెత్తిన రుద్దుతుందా? ఈ ఆసుపత్రిలోనే వార్డు అటెండరుగా నేల తుడిచాను. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా పరీక్షలు కట్టి డిగ్రీలు తెచ్చుకున్నాను. ఇవాళ నా గది తలుపు మీద "సాంస్కృతిక సలహాదారు" అని బోర్డుంది. ఎవరో దయతలచి పెట్టింది కాదది.

4, మంగళవారం

ఆరో నంబరు ఆవిడకి స్పృహ రాలేదు.

5, బుధవారం

చిన్న నర్సుని సస్పెండ్ చేశారు. పదిహేడున విచారణ కమిటీ. నిర్లక్ష్యం అని తేలితే ఉద్యోగం పోవడమొక్కటే కాదు, నర్సుల జాబితాలోంచి పేరే కొట్టేస్తారు. ఇంకెక్కడా సూది కూడా పట్టుకోనివ్వరు.

మధ్యాహ్నం నా గదికి వచ్చింది. ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, నేనేం ఎగ్గొట్టలేదు. రెండింటికి నాడి చూశాను, బాగానే ఉంది. మూడింటికి మళ్ళీ బీపీ చూద్దామని వెళ్ళాను. ఆవిడ అటు తిరిగి ఉంది. భుజం మీద చెయ్యి వేయబోయాను మేడమ్. మీ పుస్తకం గుర్తొచ్చింది. ట్రైనింగులో మీరే కదా చెప్పారు, మన అలవాట్లు వాళ్ళమీద రుద్దకూడదని. చెయ్యి వెనక్కి తీసుకున్నాను."

"బీపీ చూడ్డం అలవాటు కాదమ్మా, డ్యూటీ" అన్నాను.

"అవును మేడమ్." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "కమిటీలో ఒక్క మాట చెప్తారా? ఆ పేరా చదివితే ఎవరికైనా అలాగే అనిపిస్తుందని?"

"చూద్దాంలే" అన్నాను. ఆ మాటకి అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం సూపరింటెండెంట్ గారు ఎదురుపడి, "ఆ పేరాకి ఆధారాలు గట్టివేనా?" అన్నారు.

"మూడున్నాయండి. మూడూ అచ్చులో ఉన్నవే" అన్నాను.

"అయితే ఇక మీకేం భయం?" అంటూ వెళ్ళిపోయారు.

భయమని నేనెప్పుడన్నాను?

6, గురువారం

కమిటీ కోసం ఆధారాలు వరసగా పెట్టుకుంటున్నాను.

ఒకటి: మ్యూజియంలో దీవులవాళ్ళ గదిలో ఉన్న వివరాల పలక. రెండు: ప్రొఫెసర్ గారి పరిశోధన గ్రంథం. మూడు: వందేళ్ళనాటి ఓడ డాక్టరు యాత్రా పుస్తకం, ఎనభై ఏడో పేజీ.

మూడోది నేను చదవలేదు. ప్రొఫెసర్ గారి పుస్తకంలో పేజీ నంబరుతో సహా ఉంటే అక్కడి నుంచి ఎత్తి రాశాను. అందరూ చేసే పనే. తెప్పించమని లైబ్రరీకి రాశాను.

7, శుక్రవారం

స్పృహ లేదు. జ్వరం కూడా వచ్చిందట.

8, శనివారం

మ్యూజియానికి వెళ్ళాను. మా ఆయన కూడా వస్తానన్నారు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి భూగోళం చెప్పి రిటైరైన మనిషి, మ్యాపు కనిపిస్తే కదలరు. ఆయన్ని మ్యాపు ముందు వదిలేసి పలక దగ్గరికి వెళ్ళాను. గాజు పెట్టెలో వలలు, చేప ఎముకతో చేసిన దువ్వెన, పక్కన పలక. "బాధలో గోడవైపు తిరుగుట వీరి ప్రాచీన సంప్రదాయం."

ప్రాచీనమట! నేను కూడా అంత మాట అనలేదు.

పలక రాసినావిడ లోపలి గదిలోనే ఉంది. ఇది ఎక్కడి నుంచి తీసుకున్నారని అడిగాను.

"ప్రొఫెసర్ గారి పుస్తకంలోంచండి. ప్రాచీన అన్న మాట ఒక్కటి నేను కలిపాను. పలక మరీ బోసిగా ఉందనిపించి" అని నవ్వింది. "మీ హ్యాండ్‌బుక్‌లో కూడా ఉంది కదా, అది చూశాక ధైర్యం వచ్చింది."

తిరిగి వస్తుంటే ఆయన, "ఏమోయ్, మూడు కాళ్ళ స్టూలుకి ఒక కాలు ఊడిందా?" అన్నారు. ఈ మనిషికి ప్రతిదీ వేళాకోళమే. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

రెండున్నాయిగా, చాలు.

10, సోమవారం

ఓడ డాక్టరు పుస్తకం వచ్చింది. ఎనభై ఏడో పేజీలో పడవలకి తారు ఎలా పూస్తారో ఉంది. తప్పు నంబరేమోనని మొదటి నుంచి చదివాను. మూడు వందల పన్నెండు పేజీలు. తారు, గాలివాన, ఆయనగారి పంటినొప్పి. ఆడవాళ్ళ గురించి ఒకే ఒక్క వాక్యం: "దీవుల స్త్రీలు చాలా గట్టిగా మాట్లాడుదురు."

గోడ అన్న మాటే లేదు.

ఈ హ్యాండ్‌బుక్ ఇంకో పదకొండు ఆసుపత్రులకి వెళ్ళింది. ఫోన్ చేసి చెప్పాలా? ముందు ప్రొఫెసర్ గారితో మాట్లాడాలి. తొందరపడి నలుగురిలో నవ్వులపాలు కావడమెందుకు?

11, మంగళవారం

ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. పెద్దవారైపోయారు, గొంతు వణుకుతోంది. ఎనభై ఏడో పేజీ సంగతి ఎత్తితే, "అయ్యో, అది తారు గురించిన ఫుట్‌నోటు కదా. అచ్చులో ఒక లైను కిందకి జరిగింది. రెండో ముద్రణలో సరిచేద్దామనుకున్నాను, రెండో ముద్రణ వస్తేగా!" అన్నారు.

"మరి గోడ సంగతి మీకెవరు చెప్పారండీ?"

"అదేంటమ్మా, మీరే కదా చెప్పారు!"

ఎక్కడ, ఎప్పుడని అడిగాను.

"ఆసుపత్రి కాంటీన్‌లో, కిటికీ పక్క బల్ల. అప్పుడు మీరు అటెండరుగా ఉండేవారు. 'ఆసుపత్రి ఉద్యోగినితో సంభాషణ' అని కింద వేశాను చూడండి. మీ హ్యాండ్‌బుక్ వచ్చినప్పుడు ఎంత సంతోషించానో. నాటి విషయాన్ని మీరు స్వతంత్రంగా ధ్రువీకరించారు కదా అని."

ఆయన నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నారు, నేను ఆయన్ని చూసి తెచ్చుకున్నాను. మ్యూజియం ఆవిడ ఇద్దర్నీ చూసి తెచ్చుకుంది. మూడు కాళ్ళూ ఒకటే, అది నాది.

అసలు నేను ఆయనకి అలా చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

12, బుధవారం

గుర్తు లేదు. నిజంగానే. ఇరవై రెండేళ్ళ కిందటి మాట ఎవరికి గుర్తుంటుంది?

13, గురువారం

ఆరో నంబరు ఆవిడకి స్పృహ వచ్చింది. జ్వరం తగ్గింది. నీళ్ళు తాగింది.

వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. మంచం పక్కన ఆవిడ అక్క కూర్చుని పమిట చెంగుతో విసురుతోంది. వాళ్ళది వేరే యాస, మెల్లగా మాట్లాడితే అంతా అర్థమవుతుంది. ఏళ్ళ తరబడి వాళ్ళ గురించి రాస్తున్నాను. ఒక మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం ఇదే మొదటిసారి.

"బాధ వస్తే మీలో గోడవైపు తిరుగుతారా?" అని అడిగాను.

అక్కకి నవ్వొచ్చింది. "మాలోనా? బాధ వస్తే నేనైతే వీధి వీధంతా లేచేలా అరుస్తాను. మా పక్కింటామె పళ్ళు బిగించుకుని కూర్చుంటది. మా అమ్మ అందర్నీ తిట్టేది. గోడేంటమ్మా, ఎవరు చెప్పారు నీకు?"

ఆ రోజు ఏం జరిగిందని మంచం మీదున్నావిడని అడిగాను.

చెల్లెలు మంచంలోంచి, గొంతు పెగల్చుకుని చెప్పింది. "పిలిచానక్కా. రెండుసార్లు పిలిచాను. ఆ అమ్మాయి అవతల గదిలో ఎవరికో కట్టు కడుతున్నట్టుంది. కాళ్ళు ముడుచుకుని అటు తిరిగితే నొప్పి కాస్త ఓర్చుకోగలిగాను. తర్వాత అడుగుల చప్పుడైంది. వచ్చి నా వెనకే నిలబడింది. హమ్మయ్య, చెయ్యి వేస్తది అనుకున్నాను. నోరు పెగల్లేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది."

అక్క విసరడం ఆపేసింది. నవ్వు పోయింది. "ఎందుకు వెళ్ళిపోయింది? మేమేమన్నా అంటరానివాళ్ళమా?"

లేచి వచ్చేశాను.

14, శుక్రవారం

సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. నాలుగో పేరాకి ఆధారం లేదు, ఆ పిల్ల తప్పు కాదు, పేరా తీసేయండి అన్నాను.

ఆయన సావకాశంగా విన్నారు. ఫైలు తెరిచి చూపించారు. పరిశోధన గ్రంథం, పలక ఫొటో, నా హ్యాండ్‌బుక్. అన్నీ నేనిచ్చినవే.

"అచ్చులో ఇన్నిచోట్ల ఉంది. కాదని మీరు నోటిమాటగా అంటున్నారు. కమిటీ దేన్ని నమ్ముతుంది చెప్పండి?"

"ప్రొఫెసర్ గారికి చెప్పింది నేనేనండీ! కావాలంటే ఫోన్ చేయండి."

"చేశాం. మీరు చెప్పారన్నారు. ఆసుపత్రిలో పనిచేసే మనిషి కళ్ళారా చూసి చెప్పింది కాబట్టే నమ్మానన్నారు. అంటే ఇంకా గట్టి ఆధారమైంది కదా?" కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీది మెత్తని మనసమ్మా. ఆ పిల్ల మీద జాలితో అంటున్నారు. హ్యాండ్‌బుక్ తప్పని ఒప్పుకుంటే ఆసుపత్రి పరువేం కావాలి? పుస్తకం ఒప్పే, పిల్ల అతిగా పాటించింది, అంతే. ఆ రోజుల్లో రాసిన కాగితం ఏదైనా ఉంటే తీసుకురండి, చూస్తాం."

"లేదండీ" అన్నాను.

బస్సులో కూర్చున్నాక వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాను. పదిహేడో ఏటి నుంచి ఏ ఏడూ మానకుండా డైరీ రాస్తున్నదాన్ని. మొత్తం ముప్పై నాలుగు పుస్తకాలు అటక మీదున్నాయి.

15, శనివారం

పొద్దున్నే నిచ్చెన వేయించుకున్నాను. ఆయన కింద పట్టుకుని, "ఏం వెతుకుతున్నావు?" అన్నారు. "పాత రశీదు" అన్నాను.

దొరికింది. అట్ట మీద ఆసుపత్రి స్టోరు ముద్ర. ఆ ఏటి అక్షరాలు గుండ్రంగా, గర్వంగా ఉన్నాయి. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"19, గురువారం. ఇవాళ రెండో వార్డులో దీవులావిడ అమ్మాయ్ అమ్మాయ్ అని పిలిచింది. పరీక్ష ఎల్లుండే. ఈ పేజీ అయ్యాక వెళ్దామనుకున్నా. మళ్ళీ పిలిచింది. వీళ్ళకి ఊరికే పిలవడం అలవాటు. తర్వాత చూస్తే గోడవైపు తిరిగి ఉంది. సరే, నిద్రపోయింది అనుకున్నా. సాయంత్రం ఆ మంచం ఖాళీ చేశారు. పెద్ద నర్సు వచ్చి ఆవిడ నిన్ను పిలవలేదా అంది. లేదండీ, వాళ్ళంతేనండీ, బాధొస్తే గోడవైపు తిరిగేస్తారు, పలకరిస్తే తప్పంటారు అన్నాను. నోటికి ఎలా వచ్చిందో. అవునా అంది. ఇంకేం అడగలేదు. ఇవాళ చదివింది మూడు పేజీలే."

ఇంకో నాలుగు నెలల తర్వాత:

"ఎవరో పరిశోధన చేసే ఆయన కాంటీన్‌లో టీ ఇప్పించాడు. దీవులవాళ్ళ గురించి చెప్పమంటే పెద్ద నర్సుకి చెప్పిందే చెప్పాను. ఎంత శ్రద్ధగా రాసుకున్నాడో! నన్ను మీరు అన్నాడు."

ఆ తర్వాత పన్నెండేళ్ళకి ఆ పుస్తకం అచ్చయి నా బల్ల మీదికి వచ్చిన రోజు కూడా చూశాను. "నేననుకున్నది నిజమేనన్నమాట" అని రాసుకున్నాను. నా అబద్ధమే ఫుట్‌నోటు తగిలించుకుని వస్తే సంతోషించాను. సిగ్గులేని మనిషిని.

ఇది కమిటీకి ఇస్తే చిన్న నర్సు బయటపడుతుంది. నా గతి ఏమవుతుందో వేరే చెప్పాలా? ఒక మనిషి పోయింది. నేను మూడు పేజీలు చదివాను.

16, ఆదివారం

పదకొండు ఆసుపత్రులకీ ఫోన్ చేశాను. నాలుగో పేరా కొట్టేయమన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒకాయన మాత్రం, "అయితే బాధలో వాళ్ళేం చేస్తారో ఒక్క వాక్యం చెప్పండి మేడమ్, దాని మీద కాగితం అంటించేస్తాం" అన్నాడు.

"నాకు తెలియదు. మంచం దగ్గరికెళ్ళి ఆవిణ్ణే అడగండి బాబూ" అన్నాను.

"అందర్నీ అడగాలంటే ఎక్కడవుతుంది మేడమ్?" అన్నాడు. బుర్ర గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మధ్యాహ్నం మా ఆయనకి పాత డైరీ ఇచ్చి చదవమన్నాను. చదివి చాలాసేపు కళ్ళజోడు తీయలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈ మనిషికి వేళాకోళం తోచకపోవడం ఇదే మొదటిసారి.

17, సోమవారం

కమిటీ ముందు నిలబడి పాత డైరీ పైకి చదివాను. "మూడు పేజీలే" దాకా చదివి డైరీ బల్ల మీద పెట్టాను. సూపరింటెండెంట్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

కమిటీలో ఉన్న లాయరు గారు తల పంకించారు. "నర్సుని కాపాడాలని నిన్న కూర్చుని రాసి తెచ్చారని ఎవరైనా అంటే?"

కోపం రావాలి, రాలేదు. నేను మాత్రం ఈ ప్రశ్న ఎవరినైనా ఎప్పుడైనా అడిగానా?

"స్టోరు ముద్ర చూడండి. చాలదంటే ఆ ఏటి వార్డు రిజిస్టరు తెప్పించండి" అన్నాను.

రిజిస్టరు వచ్చేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ చిన్న నర్సు నా ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. రిజిస్టరులో అదే తేదీ, రెండో వార్డు, దీవుల స్త్రీ. సాయంత్రం ఐదూ నలభైకి మృతి. కారణం గడిలో పెద్ద నర్సు రాత: "ఆచారరీత్యా బాధ తెలుపలేదు."

లాయరు గారు ఆ లైను రెండుసార్లు చదివించుకున్నారు.

చిన్న నర్సు సస్పెన్షన్ ఎత్తేశారు. మూడింటికి బీపీ చూడనందుకు ఒక మెమో ఇచ్చారు, అంతే. వార్డుకి వెళ్ళొచ్చు. నాలుగో పేరా రద్దు. నన్ను సస్పెండ్ చేశారు. పాత మరణం మీద వేరే విచారణ వేస్తారట.

వరండాలో ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. థాంక్స్ చెప్తుందనుకున్నాను. ఎంత ఆశో నాకు!

"మేడమ్, ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"మొన్న శనివారం. అటక మీద డైరీ దొరికాక" అన్నాను.

నమ్మినట్టే తలూపింది. వెనకాలే వస్తున్న లాయరు గారు ఆగారు. "ఇప్పటికీ డైరీ రాస్తారామ్మా?"

"రాస్తానండీ."

"అయితే అది కూడా రేపు పదింటికి ఇవ్వండి. ఎప్పుడు తెలిసిందో అందులోనే ఉంటుంది కదా. కమిటీ చదువుతుంది. ఈ అమ్మాయికీ ఒక కాపీ ఇస్తాం, తన కేసు కాబట్టి."

18, మంగళవారం

ఎనిమిదైంది. బస్సు తొమ్మిదికి.

ఆయన గుమ్మంలో నిలబడి, "రెండు మూడు పేజీలు ఊడిపోయాయంటే నోట్‌బుక్ కదా, ఎవరూ అడగరు" అన్నారు. పాపం, నా కోసమే అన్నారు. పిన్నులు కూడా వదులుగానే ఉన్నాయి. వేలు పెట్టి చూశాను.

మొదటి నుంచి చదువుకున్నాను. బుర్రలేని పిల్ల అన్నాను. చేతకానితనం అన్నాను. అదంతా ఆ పిల్ల చదువుతుంది. చదవనీ. ఇప్పుడు దిద్దితే ఇంకో హ్యాండ్‌బుక్ రాసినట్టే.

కానీ ఇది ఆధారంగా వెళ్తోంది కాబట్టి ఒక్కటి సరిచేయాలి. పదకొండున, పన్నెండున "గుర్తు లేదు" అని రాసింది అబద్ధం. నిన్న వరండాలో శనివారం అన్నదీ అబద్ధమే. నాకు మూడో తేదీన తెలుసు. సూపరింటెండెంట్ గారి గదిలో "గోడవైపు" అన్న మాట వినగానే అంతా గుర్తొచ్చింది, ఆనాటి రెండో వార్డావిడ రెండోసారి నన్ను పిలిచిన గొంతుతో సహా.